పైపు రుసుము

కృత్తిక కార్తె, మూడో రోజు

ఏడో గని, మూడో వీధి చాటింపు ఉద్యోగిని రూతు అనే నేను, బీకాం ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలినై, మతి స్థిమితంగా ఉండగా రాస్తున్న దినచర్య ఇది. నాకు ముందు ఈ పదవిలో ఉన్న పెద్దాయన దినచర్య రాయలేదు. ఆయనకి గొంతు ఉండేది, డిగ్రీ లేదు. నాకు రెండూ ఉన్నాయి. గౌరవం ఒక్కటే తక్కువ. ఈ పుస్తకం చూసైనా ఇస్తారేమోనని మొదలుపెట్టాను.

ఆ పెద్దాయన పోయిన రోహిణిలో పోయాడు. పైపులో రెండు రోజుల చలువ తక్కువైంది. అంతే.

ఈ రోజు చేసిన పనులు: రెండు కొట్లు తిరిగి రుసుములు అడగడం, కుళాయి దగ్గర డబ్బా మూత మీద గరిటెతో కొట్టి చాటడం. గనిలో తట్టెడు రాయి మోస్తే చేతిపలకలో ఒక తట్ట జమ పడుతుంది. ఆ తట్టని కొట్లో ఇస్తే ఒక గడియ చలువ ఇస్తారు. మంచం పక్కన పైపు మూతి తిప్పితే ఆ గడియసేపు చల్లగాలి వస్తుంది. తట్టని గడియగా మార్చినందుకు కొట్టువాడు కొంత కోసుకుంటాడు. ఎవడు తక్కువ కోస్తాడో వీధికి చెప్పడానికి ప్రభుత్వం నాకు జీతం ఇస్తోంది. మా ముత్తాతల కాలంలో కంటికి కనపడని నాణేలు కొని, ఇలాగే రుసుములు పోల్చుకుని పోట్లాడుకునేవాళ్లట. వాళ్లు సరదాకి పోట్లాడుకున్నారు.

నేటి రుసుములు. నాగూర్ మామ రాతికొట్టులో వందకి మూడు. జోడుగుర్రాల కొట్టులో రేపటిదాకా వరసలో నిలబడే ఓపికుంటే వందకి ఒకటి, ఇప్పటికిప్పుడు కావాలంటే నాలుగు. మా వీధిలో ఓపిక ఉన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి దాన్ని నాలుగనే చాటాను.

ఇంటికొచ్చి ఎస్తేరక్క మెడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండుటాకులా ఉంది, కానీ వేడిగా లేదు. మూడేళ్ల కిందట బట్టీ పేలి ఒళ్లు కాలినప్పటినుంచి అక్కకి చెమట పట్టదు. మామూలు మనిషికి రోహిణిలో రోజుకి ఇరవై గడియల చలువ చాలు. అక్కకి రోజంతా కావాలి, అంటే అరవై. పద్నాలుగు రోజులకి ఎనిమిది వందల నలభై. ఏడాదంతా ఇద్దరి తట్టలూ కూడబెట్టి ఉంచాం.

"ఎందుకే గంటకోసారి మెడ పట్టుకుంటావు? నేనేమన్నా పొయ్యి మీద అన్నమా?" అంది అక్క.

"ఉడికిందో లేదో చూడాలిగా," అన్నాను. నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కృత్తిక, నాలుగో రోజు

వీధి మొదట్లో కొత్త కొట్టు తెరిచారు. పేరు వెన్నెల. గనిలో పుట్టిన మాకు వెన్నెలంటే ఏమిటో తెలియదు కానీ, లోపలికి అడుగుపెట్టగానే తెలిసినట్టనిపించింది. అంత చల్లగా ఉంది. గాజు గోడ వెనకాల పెద్ద ట్యాంకు, సన్నగా మోత. బల్ల వెనక ఒకమ్మాయి. తీరపు గుమ్మటం నుంచి వచ్చిందట, పేరు ప్రసూన. చల్లని నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చింది. ఉద్యోగ ధర్మంగా తాగాను. రెండో గ్లాసు మాత్రం వ్యక్తిగతంగా తాగాను.

చాటింపు ఫారం తీశాను. అందులో ఉన్నది ఒకే గడి: కొనుగోలు రుసుము.

"వందకి ఎంతండీ?"

"ఏమీ లేదండి."

"అంటే వందకి సగమా? పావా?"

"అస్సలు లేదండి. వంద తట్టలిస్తే వంద గడియలు రాసేస్తామండి."

"మరి మీరేం తింటారు?"

"అన్నమేనండి," అంది ప్రసూన, నవ్వుతూ.

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే జవాబు. ఆ గడిలో పెద్ద సున్నా చుట్టి, కింద సంతకం పెట్టించుకున్నాను. బీకాం చదివిన మనిషి సంతకం లేకుండా దేన్నీ నమ్మదు.

కృత్తిక, ఐదో రోజు

చాటాను. గరిటె వంగిపోయేంత గట్టిగా కొట్టాను. మధ్యాహ్నానికి మా వీధి మొత్తం వెన్నెల ముందు వరసలో ఉంది. నలభై మూడు మంది.

అందరికంటే ముందు నేనే, ఎస్తేరక్క తట్టలతో. ఎనిమిది వందల నలభై ఇచ్చాను. ఎనిమిది వందల నలభై గడియలు అక్క పేరు మీద పలకలో మెరిశాయి. నాగూర్ మామ దగ్గరైతే పాతిక పోయేవి. పాతిక గడియలంటే అక్కకి పది గంటలు బతుకు. అందుకే నాకు ఈ రుసుముల పిచ్చి. మిగతావాళ్లకి బేరం, మాకు ఊపిరి.

తిరిగి వస్తుంటే నాగూర్ మామ తన ఖాళీ కొట్టు మెట్టు మీద కూర్చుని బీడీ నలుపుతున్నాడు. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు ఆయనే. కానీ ఆయన కొట్టుకి పోటీ కొట్టు గురించి చాటింది నేను. తల దించుకుని దాటిపోబోయాను.

"ఏందమ్మాయ్, మామ కనపడటం లేదా? నీ చదువుకి కళ్లద్దాలు గూడా ఇచ్చారనుకున్నానే."

"ఉద్యోగం మామా. ఉన్నది ఉన్నట్టు చాటాలి."

"చాటు, కాదన్నానా? నేను మూడు కోస్తా. నీ మొహం చూసి, నీ ఎదురుగ్గా కోస్తా. ఆ పిల్ల యాడ కోస్తదో అడిగావా?"

"కొయ్యదంట. సంతకం పెట్టింది."

"కొయ్యని కొట్టు నేను యాభై ఏళ్లలో చూళ్లేదు," అన్నాడు మామ. "నీకు కోపం వస్తే రానీ. నాకైతే భయమేస్తంది."

అసూయ అనుకున్నాను. అలా అనుకున్నట్టు ఈ పుస్తకంలో రాసి పెట్టడం నా విధి.

కృత్తిక, తొమ్మిదో రోజు

గనిలో నలభై డిగ్రీలు. వీధిలో నా పరపతి అంతకంటే ఎక్కువ. పక్కింటి అంకమ్మ పిన్ని జన్మలో మొదటిసారి నన్ను "రూతమ్మా" అని పిలిచి పకోడీ పెట్టింది.

నాగూర్ మామ కొట్టు మూసేశాడు. కొనేవాళ్లు లేనప్పుడు సరుకు ఉంచుకుంటే కారిపోతుందని తన దగ్గరున్న చలువంతా గని ట్యాంకుకి తిరిగి ఇచ్చేసి, తన ఒక్కడికీ సరిపడా మాత్రం ఉంచుకున్నాడు. జోడుగుర్రాల వాళ్లు ఐదో వీధికి మారిపోయారు. ఇప్పుడు మా వీధికి ఒకే కొట్టు. పోల్చడానికి రెండోది లేదు. చాటింపు చాలా తేలికైపోయింది.

ఎందుకో ఆ తేలిక నాకు నచ్చలేదు. తిండి అరగలేదేమో అనుకుని పడుకున్నాను.

కృత్తిక, పదమూడో రోజు

పరిగెత్తి వచ్చి రాస్తున్నాను. అక్షరాలు బాగుండకపోతే క్షమించాలి.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఇళ్లలో పైపులు పాతవి. చలువ ముందే పైపులోకి మళ్లిస్తే కారిపోతుంది. అందుకని కొన్న గడియలు కొట్లోనే ఉంచి, రోహిణికి ముందు ఒకటి రెండు రోజుల్లో ఇంటి పైపుకి మళ్లించుకుంటాం. ఇన్నేళ్లలో ఏ కొట్టూ దానికి పైసా తీసుకోలేదు. అది రుసుము వేయదగ్గ పని అని కూడా ఎవరికీ తోచలేదు. అందుకే ఫారంలో దానికి గడి లేదు. అందుకే నేను అడగలేదు.

పొద్దున అంకమ్మ పిన్ని తన గడియలు మళ్లించుకుంది. వెళ్లేటప్పుడు రెండు వందల ఎనభై. ఇంటి పైపు దగ్గరికి వచ్చేసరికి తొంభై.

"రూతూ!" అమ్మా పోయింది, పకోడీ పోయింది. "నా చలువ యాడికి పోయిందే? నీ డబ్బా కొట్టుకుంటా చెప్పావు గదా ఏం పోదని? చెప్పవే!"

పరిగెత్తాను. వెన్నెలలో ప్రసూన నీళ్లు పోయబోయింది. వద్దన్నాను.

"పైపు రుసుమండి," అంది ప్రసూన. "గడియలు మా ట్యాంకులోంచి మీ ఇంటికి పంపాలంటే కట్టాలండి. నూట తొంభై. ఒక గడియ పంపినా అంతే, వెయ్యి పంపినా అంతే."

"ముందెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండి. కొనుగోలు రుసుమే అడిగారు. దాని మీదే సంతకం పెట్టానండి."

నా ఫారం నాకే చూపించింది. ఒకే గడి. అందులో నేను చుట్టిన సున్నా.

"పైన ఎండ పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుందండి," అంటూ గోడ మీది పలక చూపించింది. చూస్తుండగానే నూట తొంభై కాస్తా రెండు వందలైంది. నేను అక్కడ నిలబడి వాదించినంతసేపట్లో రెండు వందల పది.

మా వీధిలో ఒక్కొక్కరి దగ్గర ఉన్నదే రెండు వందల ఎనభై.

కృత్తిక, పద్నాలుగో రోజు

రేపు రోహిణి. సాయంత్రానికి గనికి మూత వేస్తారు. వీధి తలుపులు కూడా మూస్తారు, వేడి గాలి ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోకుండా. పద్నాలుగు రోజులు పని ఉండదు, తట్టలు రావు, ఎవరూ ఎక్కడికీ పోలేరు. ఫిర్యాదుల కిటికీకి వెళ్లాను. "మృగశిరకి తెరవబడును" అని అట్ట వేలాడుతోంది. తెరిచేసరికి ఫిర్యాదు చేసేవాళ్లు తగ్గుతారని వాళ్ల లెక్క కావచ్చు.

మధ్యాహ్నానికి పైపు రుసుము రెండు వందల అరవై.

అక్కకి చెప్పాను. దాచలేదు. ఇప్పుడు మళ్లిస్తే అక్క పైపుకి ఐదు వందల ఎనభై చేరుతాయి. తొమ్మిది రోజులకి కొంచెం పైన. అక్క చీర కొంగు ముడి విప్పుతూ, వేస్తూ కూర్చుంది.

"వీధిలో వాళ్లకో?" అంది.

"తలా ఇరవై మిగులుతాయి. ఒక్క రోజుకి."

"మరి ఈడ కూర్చున్నావేందే?"

అప్పుడు తోచింది. రుసుము గడియలకి కాదు, పంపినందుకు. ఒకటి పంపినా రెండు వందల అరవై, వెయ్యి పంపినా అంతే. నలభై మూడు మందీ తమ గడియలు ఒకే పేరు మీదికి మార్చుకుంటే? కొట్టు లోపల ఒకరి నుంచి ఒకరికి మార్చడానికి రుసుము లేదు. పరిగెత్తుకెళ్లి ప్రసూనని ఈసారి ఫారంలో లేని గడులు కూడా అడిగాను. లేదంది. అందరివీ ఒకే పేరు మీద, ఒకేసారి పంపితే పోయేది ఒక్క రెండు వందల అరవయ్యే. తలా ఆరు. మా ఇంటి పైపే వీధిలో పెద్దది, అక్క కోసం వేయించాం. అందరం ఆ ఒక్క గదిలో ఇరుక్కుంటే సరి.

కుళాయి దగ్గర డబ్బా కొట్టాను. చెప్పాను. చెబుతుంటే నాకే నా గొంతు దొంగ గొంతులా వినిపించింది.

"అందరివీ నీ పేరు మీదకా?" అంది అంకమ్మ పిన్ని. "మునిగిందాంట్లో ఇంకోసారి మునగమంటావా?"

"దీని అక్కకి అరవై కావాలంట రోజుకి. మనయ్యన్నీ దానికేగా!" ఎవరో వెనకనించి అన్నారు. ఎవరో నాకు తెలుసు. రాయను.

నాగూర్ మామ లేచాడు. ఆయన గడియలు ఆయన ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఈ గొడవతో ఆయనకి పనే లేదు.

"ఈ పిల్ల తప్పు చేసింది. చేసి, మళ్లీ డబ్బా కొట్టి మరీ చెప్తంది మీకు. దోచుకునేదైతే ఇయ్యాళ పొద్దున్నే వాళ్లక్కయ్యి మళ్లించుకుని తలుపేసుకునేదిగా? యాభై ఏళ్లు మీ మొహాలు చూసి వ్యాపారం చేశా. ఎయ్యండి బొటనవేళ్లు."

వేశారు. ఒక్కొక్కరే. అంకమ్మ పిన్ని కొట్టులో మిగిలినవి ఏమీ లేవు. అయినా వచ్చి పక్కన నిలబడింది, ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నానో లెక్క చూడటానికి. పలకలో నా పేరు పక్కన పన్నెండు వేలు దాటింది. నా జీవితంలో అంత భయంకరమైన సంఖ్య చూడలేదు.

పంపమని నొక్కాను.

పలక తెల్లబడింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. "పదివేలు దాటిన ఖాతా. భద్రత దృష్ట్యా పరిశీలన. గడువు: పద్నాలుగు రోజులు. మీ సహనానికి కృతజ్ఞతలు."

పైన ఎక్కడో మూత జరుగుతున్న చప్పుడు మొదలైంది.

రోహిణి, మొదటి రోజు

నలభై ఆరు డిగ్రీలు.

చాటింపు లేదు. చాటడానికి ఏముంది?

అక్కని నాగూర్ మామ ఇంటికి మార్చాం. మామ తన పైపు అక్క వైపు తిప్పి, తాను తడిగుడ్డ కప్పుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఉన్నది రెండు వందల ఎనభై. అక్కకి రోజుకి అరవై. లెక్క నాలుగు రోజులతో ఆగిపోతోంది. నేను దాన్ని ఐదుకి తీసుకెళ్లాలని చాలాసేపు ప్రయత్నించాను. లెక్కలు నా మాట వినవు, వీధి మాత్రం విని పాడైంది.

ఎవరూ నన్ను తిట్టడం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

రోహిణి, రెండో రోజు

అంకమ్మ పిన్ని పైపులోకి చేరిన తొంభై ఇంటిల్లిపాదికీ ఒక్క రోజులో అయిపోయాయి. పొద్దున ఆమె మామగారు నీళ్లు తాగుతూ పక్కకి ఒరిగిపోయాడు. గ్లాసు చేతిలోనే ఉంది. మొహం మీద నీళ్లు కొడితే కళ్లు తెరిచాడు కానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. వీధి తలుపు అవతల నాలుగో వీధి. తలుపు బాదితే అవతలినుంచి ఎవరో "తెరిస్తే మేమూ పోతాం, క్షమించండి" అన్నారు. నిజమే. వాళ్లని ఏమనాలి?

నాగూర్ మామ లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, మన చలువ యాడుంది ఇప్పుడు?"

"వెన్నెల ట్యాంకులో. పరిశీలనలో ఉంది."

"పరిశీలించుకోనీ. మనం గూడా పోయి పక్కన కూకుని పరిశీలిద్దాం. పద."

నలభై నాలుగు మందిమి వెళ్లాం. ముసలాయన్ని మంచంతో మోశారు. అక్కని నేనూ పిన్నీ చెరో చెయ్యి పట్టుకుని నడిపించాం. పిన్ని దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది, అక్క చెయ్యి మాత్రం వదల్లేదు. కొట్టు తలుపు తోసుకుని లోపలికి వెళ్లగానే ఆ చల్లదనం తగిలి ఇద్దరు ఏడ్చారు.

ప్రసూన బల్ల వెనకాల లేచి నిలబడింది. ట్యాంకు కాపలాకి ఆమెని ఒక్కదాన్నే ఉంచేసి వెళ్లారు.

"రోహిణిలో కొట్టు లేదండి. ఇంతమంది ఉండకూడదండి!"

"మా ఖాతా పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు మామ కింద కూర్చుంటూ. "పద్నాలుగు రోజులన్నారు. అయ్యేదాకా ఈడే ఎదురు చూస్తాం. మీ సహనానికి మేం గూడా కృతజ్ఞతలు."

బల్ల మీది కాగితాలు తీసేసి అక్కని పడుకోబెట్టాను. ప్రసూన వద్దనలేదు. సాయంత్రం తనంతట తానే నా పక్కకి వచ్చి కూర్చుంది.

"నావీ ఇందులోనే ఉన్నాయండి. తొంభై గడియలు. మా అమ్మకి పంపుదామనుకున్నాను. స్టాఫ్‌కి కూడా పైపు రుసుము ఉందండి."

"నువ్వు కూడా అడగలేదా?"

"లేదండి," అంది. "ఉద్యోగం ఇస్తున్నారు కదా అని."

రోహిణి, మూడో రోజు

పదకొండింటికి బల్ల మీది ఫోను మోగింది. హెడ్డాఫీసు. ప్రసూన "అవునండి, అవునండి" అంటూ విన్నది. ఫోను పెట్టేసి మా వైపు చూడలేదు.

"ఏమన్నారు?" అన్నాను.

"కొట్లోకి పోయే చలువ వృథా అట, పన్నెండుకల్లా కట్టెయ్యమన్నారండి. వెనక సొరంగంలో బండి వస్తుందట. తాళంచెవి తీసుకుని నన్ను వచ్చెయ్యమన్నారు."

"మరి మేం?"

"మీ గురించి ఏమీ అనలేదండి."

ట్యాంకు చక్రానికీ వెనక తలుపుకీ తాళంచెవి ఒకటే. రెండు చేయించడం కంపెనీకి ఖర్చు. ఆ చెవి ప్రసూన మెడలో దారానికి ఉంది. నలభై నాలుగు మందిమి దాన్నే చూస్తున్నాం. లాక్కోవచ్చు. ఆమె బక్కపల్చటి పిల్ల. నేనే లాక్కుందామని లేచాను కూడా. మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. లాక్కున్నా, బండిలో వచ్చేవాళ్లు పదిమంది ఉంటారు, వాళ్ల దగ్గర ఇంకేమేం ఉంటాయో.

పన్నెండుకి ఆమె వెళ్లి చక్రం తిప్పింది. ఏడుస్తూ తిప్పింది. మోత ఆగింది.

ఆ నిశ్శబ్దం గురించి రాయడానికి నా బీకాం చాలదు. మొదట ఏమీ తేడా తెలియలేదు. తర్వాత గాజు గోడ మీది చెమ్మ కిందికి జారడం మొదలుపెట్టింది. పిన్ని ఫారాల కట్ట తీసి అక్కకి విసరసాగింది. ఒకే గడి ఉన్న నా ఫారాలు. పావుగంటకి అక్క బుగ్గలు ఎర్రబడ్డాయి. మెడ మీద చెయ్యి పెడితే కాలింది.

"రూతూ, మంచి నీళ్లు," అంది అక్క. తాగించాను. ఇంకా కావాలంది. తర్వాత నన్ను అమ్మా అని పిలిచింది.

వెనక తలుపు మీద దబదబా చప్పుడు. "ప్రసూనా! తెరువు! ఎండ పెరుగుతోంది, త్వరగా!"

ప్రసూన తలుపు దాకా వెళ్లింది. చెవి తాళంలో పెట్టింది. వెనక్కి తిరిగి అక్క వైపు చూసింది.

"ఆవిడకి చెమట పట్టడం లేదేంటండి?"

"పట్టదు," అన్నాను. "ఎప్పుడూ పట్టదు. అందుకే నీ దగ్గరికి ముందు వచ్చింది నేనే."

ప్రసూన చెవి బయటికి లాగి, ట్యాంకు దగ్గరికి వచ్చి, చక్రం పూర్తిగా తెరిచి, తాళంలో చెవి పెట్టి మొత్తం బరువు వేసి పక్కకి వంచింది. టక్కుమని విరిగింది. సగం లోపల, సగం ఆమె చేతిలో. మోత మళ్లీ మొదలైంది. ఇక చక్రం ఎవరూ కట్టలేరు. వెనక తలుపు కూడా ఎవరూ తెరవలేరు, ఆమెతో సహా.

"తాళంచెవి విరిగిపోయిందండీ!" అని తలుపు వైపు అరిచింది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుంది.

అవతల చాలాసేపు బాదారు. తర్వాత బాదడం ఆగింది. వెళ్లిపోయారో, ఇంకేదైనా తేవడానికి వెళ్లారో తెలియదు.

అక్క గంట తర్వాత నా పేరు సరిగ్గా పలికింది.

రోహిణి, నాలుగో రోజు

మనుషులు: నలభై ఐదు. ప్రసూనతో కలిపి.

ఈ రోజు పనులు: అరగంటకోసారి ట్యాంకు ముల్లు చూడటం. వెనక తలుపుకి చెవి ఆనించి వినడం. ముసలాయనకి చెంచాతో నీళ్లు పట్టడం. ఆయనకి అంకమ్మ పిన్ని మాత్రమే గుర్తొచ్చింది, ఆమెని తిట్టాడు. ఆమె సంతోషంగా ఏడ్చింది.

నిన్నటి నుంచి ముల్లు ఎంత దిగిందో చూసి లెక్క కట్టాను. చక్రం పూర్తిగా తెరిచి ఉంది, తగ్గించే దారి లేదు. ఈ లెక్కన ట్యాంకు ఇంకా పన్నెండు రోజులు వస్తుంది. రోహిణి ఈ రోజుతో కలిపి పదకొండు రోజులు ఉంది. ఒక రోజు మిగులు.

చాటబోయి ఆగాను. గరిటె చేతిలోనే ఉంది. ఈ వీధిలో ఆఖరిసారి లెక్క కట్టి చాటింది నేనే.

"మామా, ఒకసారి నువ్వు చూడు," అన్నాను. "నేనేదో అడగడం మర్చిపోయి ఉంటాను."

నాగూర్ మామ కళ్లు చికిలించి ముల్లు చూశాడు. గాజు గోడ మీద, తలుపు సందులో, పైకప్పు అంచుల్లో చెయ్యి ఆడించి వేడి ఎక్కడినుంచి వస్తోందో చూశాడు. పైన ఎండ రోజురోజుకీ ఎంత పెరుగుతుందో ప్రసూనని అడిగాడు. ఆ సంగతి నా లెక్కలో లేదు. తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని, బొటనవేలితో వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అందరూ ఆ వేలినే చూస్తున్నారు. అక్క కూడా మోచేతి మీద లేచి చూస్తోంది.

పదకొండు దాకా పోవాల్సిన మామ వేలు ఎనిమిదో కణుపు దగ్గర ఆగింది.

పెదాలు తడుపుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.